తెరవని బీరువా, మూడు ప్రకటనలు

జూలై 1, మంగళవారం

'తెరవని బీరువా' మళ్ళీ చదివాను. మొదటిసారి నూటికి డెబ్బై మార్కులు వేశాను. ఈసారి నలభై దాటలేదు. నవల మారదు కాబట్టి మారింది నేనే అయి ఉండాలి. కానీ నేనేం మారాను? ఏమీ లేదు. పెళ్ళి కుదిరింది, అంతే. పెళ్ళి కుదిరినంత మాత్రాన దయ్యాల నవల మీద మనిషి అభిప్రాయం ఎందుకు మారాలి?

రెండో పెళ్ళివాడిని చేసుకుని వసుంధర ఆ మేడలోకి వస్తుంది. మొదటి భార్య బీరువాను ఎవరూ తెరవరు. అమావాస్య వస్తే లోపల గాజులు గలగలమంటాయి. ఇంటిపనిమనిషి చేతిలో దీపం ఆరిపోతుంది. దయ్యానికి ఎందుకంత కోపం అంటే అసూయ అంటాడు రచయిత. అసూయేమిటి నా బొంద! ఆమెకు ఇంక పొయ్యి ముందు కూర్చునే పని లేదు, అత్తగారి సాధింపు లేదు, కరెంటు బిల్లు లేదు. హాయిగా పోయింది. మళ్ళీ ఈ కొంపకు రావాలని ఎవరికుంటుంది?

మొగుడు మాత్రం మూడు వందల పేజీల పాటు కిటికీ దగ్గర నిలబడి ఉంటాడు. అతడికి సున్నా.

దయ్యాలు లేవని నాకు ఖాయంగా తెలుసు. దయ్యాల నవల కనిపిస్తే కొనకుండా ఉండలేను. ఈ రెండూ ఒకే బుర్రలో ఎలా పడుతున్నాయే అని షాపులో వాణి అడుగుతుంది. నాన్నకైతే ఇవన్నీ సైతాను పుస్తకాలు. చర్చి సంఘ పెద్ద ఇంట్లో ఇలాంటివి ఉన్నాయని బయటికి తెలిస్తే పరువు పోతుందట. అందుకే వంటింట్లో బియ్యం డబ్బా వెనక పెట్టుకుంటాను. అక్కడున్నాయని ఆయనకూ తెలుసు. ఆయనకు తెలుసని నాకూ తెలుసు.

జూలై 2, బుధవారం

పుస్తకం పెళ్ళికొడుక్కి ఇచ్చేశాను.

చర్చి గుడిలో పెళ్ళి రిజిస్టరుకు ఆధార్ కాపీ కావాలని షాపుకు వచ్చాడు. బిట్రగుంట స్టేషన్ రోడ్డులో మాది కాక ఇంకో రెండు జిరాక్స్ షాపులున్నాయి. అయినా మా దగ్గరికే వచ్చాడు. అది మంచిదే అనుకోవాలి. కాపీ తీస్తుంటే అడిగాడు, "ఏం చదవతా ఉండారు ఏంజెలిన్ గారూ?" అని.

"నవల."

"ఏం నవల?"

"మీకు కావాలంటే తీసుకుపోండి."

ఇచ్చేశాను. చేతికి అదే అందింది. ప్రత్యేకంగా ఏమీ ఆలోచించలేదు.

అతను పోయాక వాణి నా వైపు అదోలా చూసింది. "ఏం మే, నీకు బుద్ధి ఉందా? పెళ్ళాం పోయినోడికి పోయిన పెళ్ళాం దయ్యమైన కథ ఇస్తావా?" అంది. అప్పుడు తోచింది నాకు. నిజంగా అప్పుడే. కావాలని ఇచ్చానని వాణి అనుకుంటే అది దాని ఖర్మ.

బల్ల మీద ఇంకా ఏడు పుస్తకాలు ఉన్న మాట వాస్తవమే.

జూలై 4, శుక్రవారం

సుశీల్ కుమార్ మంచివాడు. ఇది మూడోసారి రాస్తున్నాను. సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల హేచరీలో టెక్నీషియను. తాగడు. గట్టిగా మాట్లాడడు. నెత్తిన జుట్టు పలచబడుతోంది, నాకూ ముప్పై నాలుగు కాబట్టి ఆ విషయం మీద నోరెత్తకూడదు.

భార్య పోయి రెండేళ్ళయింది. అయిదు రోజుల జ్వరంతో నెల్లూరు ఆసుపత్రిలో పోయింది. పిల్లలు లేరు. ఈ సంగతులన్నీ నాన్న చెప్పినవే. అతను ఇంతవరకు ఆమె ఊసే ఎత్తలేదు. నవ్వుతాడు, టీ తాగుతాడు, పెళ్ళి చీర ఏ రంగు కావాలని అడుగుతాడు. ఎక్కడా ఏ బాధా కనపడదు. నేను చదివిన నవలల్లో విధురుడన్నవాడు ఎవడూ ఇలా ఉండడు.

మంచిదే కదా? ఏడుస్తూ కూర్చునేవాడిని ఎవరు చేసుకుంటారు?

మరి నాకెందుకు నచ్చడం లేదు.

జూలై 6, ఆదివారం

గుడిలో మా పెళ్ళి మొదటి ప్రకటన అయింది, ఇలా మూడు ఆదివారాలు చదవాలి. సంఘ సభ్యులు అబ్రహాము గారి కుమార్తె కన్యక ఏంజెలిన్‌కూ, ఎలిశబెతమ్మ గారి కుమారుడు విధురుడు సుశీల్ కుమార్‌కూ ఈ నెల ఇరవై నాలుగున వివాహం, ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయండి అని పాస్టరు అయ్యగారు చదివారు. చదివి ఒక్క క్షణం ఆగారు. ఆ క్షణంలో ఒక ముసలమ్మ దగ్గింది, నా గుండె ఆగినంత పనయింది. ఎవరు అభ్యంతరం చెబుతారనుకున్నాను? గుడి వెనక సమాధుల తోట వైపున్న తలుపు తెరిచి ఉంది. గాలి రావాలని తెరుస్తారు. నేను ఎందుకు అటు చూశానో తెలియదు.

మధ్యాహ్నం భోజనానికి వాళ్ళింటికి వెళ్ళాం. ఇల్లు సముద్రానికి దగ్గర, గోడలకు ఉప్పు పొర లేస్తోంది. ఎలిశబెతు ఆంటీ చేపల పులుసు బ్రహ్మాండంగా పెట్టింది. బాగుందాంటీ అన్నాను. "మామిడికాయ యెయ్యటం నా అంతట నేను నేర్చుకునింది కాదులేమ్మా, మా..." అని ఆగిపోయింది. సుశీల్ మంచినీళ్ళు అందించాడు. నాన్న వర్షాల గురించి మాట్లాడారు. "ఎవురో నేర్పినార్లే," అంది ఆంటీ.

ముందుగదిలో గోడకు ఒక మేకు ఉంది. దాని కింద పలక అంత మేర సున్నం తెల్లగా ఉంది, చుట్టూ గోడ మాసిపోయి ఉంది. అక్కడ ఏముండేదో తెలియకపోవడానికి నేనేం చిన్నపిల్లను కాదు.

నా కోసం తీసేశారు. మర్యాద అది. నేను సంతోషించాలి.

జూలై 7, సోమవారం

మేకు గురించి ఆలోచించకూడదు.

జూలై 9, బుధవారం

'పద్నాలుగో మండలం' పూర్తయింది. దయ్యాల నుంచి కొంచెం దూరంగా ఉందామని రాబోయే కాలపు కథ పట్టుకున్నాను. ఒక నగరం, చుట్టూ గోడ, లోపల ప్రభుత్వం. ఆ ప్రభుత్వం చనిపోయినవాళ్ళ పేర్లు పలకడం నిషేధిస్తుంది. మనిషి పోయిన మూడో రోజు అధికారులు వచ్చి ఫోటోలు, బట్టలు, కార్డులు అన్నీ ఎత్తుకుపోతారు. ఆ పేరు ఎవరైనా పలికితే ఆ ఇంటికి నీళ్ళు కట్. నాయిక తల్లి పేరును మంచం కింద చెక్క మీద గోరుతో రాసుకుంటుంది.

నా అభిప్రాయం: నమ్మేలా లేదు. ఇన్ని లక్షల మందిని ఏ ప్రభుత్వమైనా ఎలా ఆపగలదు? ఇంటింటికీ ఒక పోలీసును పెడతారా? మనుషులు అంత తేలికగా ఊరుకుంటారా? సొంత తల్లి పేరు, సొంత భార్య పేరు పలకొద్దంటే తిరగబడరూ? రచయితకు మనుషులంటే తెలియదు.

ఇంకొకటి. ఆ నగరంలో రోజుకు మనిషికి రెండు బిందెల నీళ్ళట, దాన్ని నరకంలా వర్ణించాడు. మా వీధికి ట్యాంకరు మూడు రోజులకోసారి వస్తుంది. బోరు నీళ్ళు నోట పెట్టుకోలేం, అంత ఉప్పు. రెండు బిందెలు అనగానే నాకు ఆ ఊరికి మారిపోదామా అనిపించింది. ఇలాంటి నవలలు రాసేవాళ్ళు ముందు మా బోగోలు మండలానికి వచ్చి ఒక ఎండాకాలం ఉండిపోవాలి.

నూటికి నలభై అయిదు.

జూలై 10, గురువారం

సుశీల్ పుస్తకం వెనక్కి తెచ్చి ఇచ్చాడు.

"ఎట్టుంది?" అన్నాను.

"బాగుందండీ."

బాగుంది! మూడు వందల పేజీల మీద ఒక్క మాట! ఉప్మా బాగుంది, చొక్కా బాగుంది, దయ్యం బాగుంది. ఒళ్ళు మండిపోయింది నాకు. మనిషిని తెలుసుకోవడానికి నా దగ్గర ఉన్నది ఒకటే దారి. ఒక నవల ఇచ్చి అభిప్రాయం అడుగుతాను. తిట్టినా సరే, ఏదో ఒకటి చెప్పాలి. బాగుందండీ అనేవాడితో ముప్పై ఏళ్ళు ఏం మాట్లాడాలి?

"ఏది బాగుంది? చివర బాగుందా?"

"ఆ, చివర గూడా."

చివర ఏం జరుగుతుందో అడుగుదామనుకున్నాను. అంతలో జయరామయ్య గారు కౌంటరు దగ్గరికి వచ్చారు. ఓనరు ముందర పరీక్ష పెట్టడం బాగుండదని ఊరుకున్నాను.

ఇంటికి వచ్చాక చూశాను. నూటపన్నెండో పేజీ మూల మడత పెట్టి ఉంది. ఆ తర్వాత పేజీలు కొత్తగానే ఉన్నాయి, బొటనవేలు ముద్ర కూడా లేదు. నూటపన్నెండులో వసుంధరకు అద్దం వెనక దువ్వెన దొరుకుతుంది. దాని పళ్ళలో మొదటి భార్య వెంట్రుకలు ఉంటాయి.

అక్కడ ఆపేశాడు. విసుగొచ్చి ఆపాడా, హేచరీలో పని పడి ఆపాడా, భయపడి ఆపాడా? ఏ కారణమైనా కావచ్చు. నేను ఊరికే పెద్దది చేస్తున్నాను.

జూలై 13, ఆదివారం

రెండో ప్రకటన. ఈసారి ఎవరూ దగ్గలేదు.

ఆరాధన అయ్యాక ఎలిశబెతు ఆంటీ నా చెయ్యి పట్టుకుని నీళ్ళ ట్యాంకు వెనక్కి లాక్కుపోయింది. స్త్రీల సమాజానికి ఆమె సెక్రటరీ. ఇంటింటి కూడికల్లో ఆమె ప్రార్థన మొదలుపెడితే పక్క వీధికి వినపడుతుంది. అటువంటి మనిషి అటూ ఇటూ చూసి గుసగుసలాడింది.

"అమ్మా, ఒక మాట అడగతా. మీ నాయనకు చెప్పబాక."

"చెప్పండాంటీ."

"తాళితో కలిపి చిన్న బిళ్ళ ఒకటి ఏసుకో తల్లీ. రవిక లోపలే ఉంటాది, ఎవురికీ కనపడదు. నేనే చేపిచ్చినా."

"ఏం బిళ్ళ?"

"అదే... సవితి బిళ్ళ."

పోయిన మొదటి భార్య పేరు మీద రెండో ఆమె మెడలో వేసుకునేది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. "దాని ఫోటో తీసేసినాము. చీరలు ఇచ్చేసినాము. పేరు గూడా ఎత్తొద్దని మావోడికి చెప్పినా, నీ మనసు కష్టపడతాదని. ఇంగది యాడికి పోతాది చెప్పు? యాడన్నా దానికి రవంత చోటు ఉండాల గదా," అంది.

ఆలోచించుకుని చెబుతానన్నాను. అలా అనకుండా ఉండాల్సింది. గట్టిగా, లేదు అని చెప్పాలి. ప్రార్థన చేసే మనిషికి ఇదేం బుద్ధి! రాత్రింబగళ్ళు బైబిలు చేతపట్టుకుని తిరుగుతూ ఇంట్లో సవితి బిళ్ళా? నేను దయ్యాల నవలలు చదువుతాను గానీ దయ్యాలను మెడలో కట్టుకోను.

జూలై 14, సోమవారం

వాణికి చెప్పాను. అది ఆశ్చర్యపోలేదు, అందుకు నేను ఆశ్చర్యపోయాను. "మా చిన్నమ్మ వేసుకోలేదా? మా చిన్నాయన మొదటి పెళ్ళాం పేరు మీద చిన్న బంగారు బిళ్ళ. పండగ నాడు దానికి పసుపూ కుంకుమా పెట్టేది, కొత్త చీర ముందు దానికి చూపించి కట్టుకునేది. మాకు మామూలే. మీ క్రైస్తవుల్లో ఉందని మాత్రం ఇప్పుడే వింటా ఉండా," అంది.

"మాలో లేదు."

"మరి ఆయమ్మ ఎందుకు అడిగింది?"

"ఏమో."

"భయమేమో."

"ఆమెకు ఎందుకు భయం? బ్రతికి ఉండగా కోడల్ని కూతురిలా చూసుకుందట."

"అదే చెప్తా ఉండా, అంత బాగా చూసుకునిందాన్ని గోడ మీంచి తీసేసింది గదా," అంది వాణి. నాకు అర్థం కాలేదు. జిరాక్స్ మిషనులో పేపరు ఇరుక్కుంది, తియ్యడానికి వెళ్ళాను.

సాయంత్రం దాకా ఆలోచిస్తూనే ఉన్నాను. నా భయం ఏమిటి? దయ్యం ఉందనా? లేదు, లేదు. నిజం రాస్తే ఇలా ఉంది. దయ్యం లేదనే నా భయం. ఒక మనిషి ఆ ఇంట్లో ఎనిమిదేళ్ళు కాపురం చేసింది, పులుసులో మామిడికాయ వేయడం అత్తకు నేర్పింది. రెండేళ్ళకు గోడ మీద మేకు తప్ప ఏమీ మిగలలేదు. రేపు నేను పోతే? ఆ మేకుకు నా ఫోటో తగిలించి, మూడో ఆమె వచ్చే ముందు తీసేస్తారు. బాగుందండీ అంటాడు ఇతను.

ఇదంతా తిక్క ఆలోచన. పెళ్ళి ముందు అందరికీ ఉంటుందట.

జూలై 15, మంగళవారం

నాన్నకు చెప్పేశాను. చెప్పకూడదనే అనుకున్నాను. అన్నం పెడుతుంటే, "ఎలిశబెతమ్మ ట్యాంకు కాడ ఏం చెప్పింది మా?" అని మామూలుగా అడిగారు. ఆయన మామూలుగా అడిగితే నేను అబద్ధం చెప్పలేను.

ముద్ద పళ్ళెంలోనే వదిలేశారు. "సవితి బిళ్ళా? దేవుని బిడ్డలకు ఇదేం ఖర్మ! ఆ ఇంట్లో రెండు మతాలు నడస్తా ఉండాయా?" అని లేచారు. నేను సర్దిచెప్పబోయాను. మొన్న నేను అనుకున్న మాటలనే ఆయన అంటుంటే వినడానికి కష్టంగా ఉంది.

"వచ్చే ఆదివారం మూడో ప్రకటన. అయ్యగారు అభ్యంతరం ఉందా అని అడిగినప్పుడు నేను లేస్తా. మొహం మీదే చెప్తా. ఈ పెళ్ళి జరగదు."

"నాన్నా, నన్ను అడగరా?"

"నీకు కావాల్నా ఈ సంబంధం?"

కావాలి అని నోటిదాకా రాలేదు. వద్దు అని కూడా రాలేదు. నాన్న నీళ్ళు తాగి వెళ్ళి పడుకున్నారు. చెయ్యి కూడా కడుక్కోలేదు.

జూలై 16, బుధవారం

కావాలి. వద్దు. కావాలి. ఏమో.

జూలై 17, గురువారం

జయరామయ్య గారిని సగం రోజు సెలవు అడిగి ఆటో ఎక్కి హేచరీకి వెళ్ళాను. ప్రకటనలు మొదలయ్యాక పెళ్ళికూతురు పెళ్ళికొడుకు ఉన్నచోటికి వెళ్ళకూడదంటారు. అనుకునేవాళ్ళు అనుకోనీ.

సుశీల్ రబ్బరు చెప్పులతో, మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటుతో బయటికి వచ్చాడు. చేతులకు ఉప్పునీళ్ళ వాసన. నన్ను చూసి కంగారుపడ్డాడు. "ఏమయిందండీ? మీ నాయనకు బాగుండాదా?"

పుస్తకం బ్యాగులోంచి తీసి నూటపన్నెండో పేజీ తెరిచి చూపించాను. "ఇక్కడ ఎందుకు ఆపేశారు?"

చాలాసేపు సముద్రం వైపు చూశాడు. కిటికీ దగ్గర నిలబడే మొగుడు గుర్తొచ్చి నాకు చిరాకు పుట్టింది. చెప్పండి అన్నాను, కొంచెం గట్టిగానే.

"దువ్వెన ఉండాది గదా, అందుకని."

"అయితే?"

"మా ఇంట్లో గూడా ఉన్నింది. అమ్మ అన్నీ ఇచ్చేసింది గానీ దువ్వెన సంగతి మర్చిపోయింది. నేను బైకు సీటు కింద పెట్టుకున్నా. మీకు చెప్పకూడదనుకున్నా."

"ఎందుకు చెప్పకూడదు?"

"ఎట్ల చెప్పేదండీ? మీరు కొత్తగా వచ్చేవోళ్ళు. మీ ముందర ఆ పేరు ఎత్తితే మీకు ఎట్టుంటాది? అమ్మ ఒట్టు ఏపిచ్చుకుంది."

"పేరు చెప్పండి."

ఎనిమిదేళ్ళు పిలిచిన పేరు పలకడానికి అతని నోరు తిరగలేదు. చివరికి, "మీకు తెలుసు గదా," అన్నాడు.

తెలుసు. రెజీనా. నాన్న చెప్పారు. నేనూ ఈ డైరీలో ఇప్పటిదాకా ఆ పేరు రాయలేదని ఇప్పుడే చూసుకున్నాను. మొదటి పేజీ నుంచి వెతికాను. లేదు. నన్నెవరు ఆపారు?

ఆటో దాకా సాగనంపాడు. ఎక్కబోతుంటే అన్నాడు, "ఆ కతలో దయ్యం పాపమండీ. నూటపన్నెండు పేజీల్లో ఒక్కరన్నా దాన్ని అన్నం తిన్నావా అని అడగలేదు."

దయ్యాల నవలలు ఇన్నేళ్ళుగా చదువుతున్నాను. నాకెప్పుడూ ఆ మాట తోచలేదు. ఆటోలో ఇంటిదాకా ఏడుస్తూ వచ్చాను. ఎవరి కోసం ఏడ్చానో తెలియలేదు. అతని మీద ప్రేమా? ఆమె మీద అసూయా? రెండూ ఒకేసారి ఎలా ఉంటాయి? ఆటో అతను పాట ఆపేసి, "ఏం కాదులేమ్మా," అన్నాడు.

బిళ్ళ సంగతి అతన్ని అడగనేలేదు. నాన్న ఆదివారం లేస్తారన్న సంగతీ చెప్పలేదు. దానికే కదా వెళ్ళింది.

జూలై 19, శనివారం

నాన్న మొండికెత్తి ఉన్నారు. రెండుసార్లు కదిపాను. "బిళ్ళ వేసుకోను నాన్నా, చెప్పేస్తాను," అన్నాను. "వేసుకోవడం కాదు, ఆ ఇంట్లో ఆ భయం ఉండాది. ఇవాళ బిళ్ళ, రేపు ఇంకోటి. నిన్ను ఆ కొంపకు పంపను," అన్నారు.

అలా అంటూనే గోడ మీద అమ్మ ఫోటో దించి, భుజం మీది తువ్వాలుతో అద్దం తుడుస్తున్నారు. రోజూ తుడుస్తారు. ముందు ఉఫ్ అని ఊది, నాలుగు మూలలూ తుడిచి, వెలుతురులో పెట్టి చూసి మళ్ళీ తగిలిస్తారు. అమ్మ పోయిన పదహారేళ్ళ నుంచి చూస్తున్నాను కాబట్టి ఇంక కనపడటం మానేసింది. ఈ రోజు మళ్ళీ కనపడింది.

"నాన్నా, అమ్మ ఫోటో ఎందుకు తుడుస్తారు?"

"దుమ్ము పడతాది గదా మా," అన్నారు.

ఆయనకు ఆదివారం ఏం చెప్పాలో తెలుసు. అయ్యగారికి ఏం చదవాలో తెలుసు. ఎలిశబెతు ఆంటీకి ఏం కావాలో తెలుసు. నాకే ఏమీ తెలియడం లేదు. 'పద్నాలుగో మండలం' మళ్ళీ తిరగేశాను. ఇంటింటికీ ఒక పోలీసును పెడతారా అని తప్పుపట్టాను కదా. పోలీసు అవసరం లేదు. ఆ మార్కులు దిద్దాలి. ఇప్పుడు ఓపిక లేదు.

జూలై 20, ఆదివారం

గుడి నుంచి రాగానే రాస్తున్నాను, అక్షరాలు పెద్దవిగా వస్తున్నాయి.

గుడిలో నాన్న ముందు బెంచీలో కూర్చున్నారు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. సుశీల్ మగవాళ్ళ వైపు మూడో వరసలో ఉన్నాడు. ఆంటీ నా వెనకే. అయ్యగారు కాగితం తీసి చదివారు. కన్యక ఏంజెలిన్‌కూ, విధురుడు సుశీల్ కుమార్‌కూ. ఇది మూడవ ప్రకటన, కడపటి ప్రకటన. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే తెలియజేయండి.

నాన్న గొంతు సవరించుకున్నారు. బెంచీ మీద చెయ్యి ఆనించారు.

నేను లేచి నిలబడ్డాను.

ముందే అనుకోలేదు. ఒట్టు. మోకాళ్ళు వాటంతట అవే లేచాయి. గుడంతా నా వైపు తిరిగింది. అయ్యగారు కళ్ళజోడు తీసేశారు. "ఏంజెలిన్, నువ్వు పెళ్ళికూతురివి గదమ్మా," అన్నారు, నేను మర్చిపోయి ఉంటానన్నట్టు.

"అభ్యంతరం ఉంది అయ్యగారూ."

వెనక ఎవరో దేవా దేవా అన్నారు. నాన్న సగం లేచినవారు సగంలోనే ఉండిపోయారు.

"ఏం అభ్యంతరం?"

"విధురుడు అని చదివారు. ఎవరికి విధురుడు? ఆమెకు పేరుంది. రెజీనా. ఈ గుడిలోనే పెళ్ళయింది, ఈ గుడి వెనకే పడుకోబెట్టారు. ఆ పేరు చదవండి. వాళ్ళింట్లో ఆమె ఫోటో తీసేశారు, నా కోసమట. నేను అడగలేదు. మళ్ళీ ఆ మేకుకే పెట్టమనండి. ఫోటో గోడ మీద ఉంటే ఇంకెవరూ దేనికీ భయపడక్కర్లేదు. పెట్టకపోతే ఈ పెళ్ళి నాకొద్దు."

ఇంకా ఏదో అన్నాను, గుర్తు లేదు. ఆంటీ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని భోరుమంది. సుశీల్ లేచాడు. నా వైపు చూడలేదు. చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా బయటికి వెళ్ళిపోయాడు. బైకు స్టార్టయిన చప్పుడు వినపడింది.

అయిపోయింది అనుకున్నాను. నిండు సంఘంలో ఒక మగవాడి పరువు తీశాను, ఇంక ఏ మొహం పెట్టుకుని వస్తాడు? కూర్చోమ్మా, ఆరాధన అయ్యాక పెద్దలు మాట్లాడతారు అని అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టారు. ఒక్క ముక్క చెవికెక్కలేదు. నాన్న వెనక్కి తిరిగి చూడలేదు. ఆయన మెడ మాత్రం కనపడుతోంది, ఎర్రగా. మా అయ్యగారి ప్రసంగం పొడుగని ఎప్పుడూ సణుక్కునేదాన్ని. ఈ రోజు ఆయన ఎంతసేపు చెప్పినా నాకు సరిపోయేది కాదు, ఎందుకంటే అది అయ్యాక నేను లేచి నాన్న మొహం చూడాలి.

ఆశీర్వాదానికి ముందు బైకు చప్పుడు మళ్ళీ వినపడింది.

సుశీల్ లోపలికి వచ్చాడు. చంకలో దుప్పటి చుట్టిన పలక ఒకటి ఉంది. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయింది. తన వరసలో చోటు లేదు, ఎవరో జరిగి కూర్చున్నారు. నడవలో నిలబడ్డాడు. ఎటు పోవాలో తెలియలేదు. దుప్పటి తీశాడు. ఫోటో. చేతులతో పట్టుకుని, నోరు తెరిచి అందరికీ వినపడేట్టు అన్నాడు, "రెజీనా. నా భార్య." అని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

నాన్న లేచారు. అభ్యంతరం ఇప్పుడు చెబుతారు, అంతా ముగుస్తుంది అనుకున్నాను. ఆయన బెంచీలో పక్కకు జరిగారు. "ఇట్ల రా అబ్బయ్యా, కూసో," అన్నారు. సుశీల్ కూర్చున్నాడు. నాన్న అతని ఒళ్ళోంచి ఫోటో తీసుకున్నారు. ఉఫ్ అని ఊదారు. భుజం మీది తువ్వాలుతో నాలుగు మూలలూ తుడిచారు. కిటికీ వెలుతురు వైపు పెట్టి చూసి, మళ్ళీ అతని ఒళ్ళో పెట్టారు.

అయ్యగారు కాగితం మళ్ళీ తీసి మొదటి నుంచి చదివారు. కీర్తిశేషురాలు రెజీనా భర్త సుశీల్ కుమార్‌కూ అని చదివారు. అభ్యంతరం ఉందా అని అడిగారు. ఎవరూ లేవలేదు.

జూలై 21, సోమవారం

ఎలిశబెతు ఆంటీ ఫోను చేసింది. బిళ్ళ కరిగించి నా పెళ్ళి ఉంగరంలో కలిపెయ్యనా అని అడిగింది. మీ ఇష్టం ఆంటీ అన్నాను. "పేరు పిలస్తా ఉండా తల్లీ. పొద్దున్నించి ఊరికే పిలస్తా ఉండా," అంది.

సుశీల్ షాపుకు వచ్చి పుస్తకం మళ్ళీ తీసుకుపోయాడు. చివరిదాకా చదువుతాడట. నవల్లో మొగుడికి నేను సున్నా వేశానంటే, చదివాక సున్నా కాదు, ఇంకా తక్కువ వెయ్యాలని వాదిస్తానన్నాడు. సున్నాకు తక్కువ మార్కులు ఉండవన్నాను. ఎందుకుండవు అన్నాడు. కాసేపు పోట్లాడుకున్నాం. బాగుంది.

వాణి నన్ను మెచ్చుకుంది. సంఘంలో సగం మంది మెచ్చుకున్నారు, సగం మంది పిచ్చిదన్నారు. నాన్న మాత్రం బియ్యం డబ్బా వెనకున్న పుస్తకాలు తీసి అరలో పెట్టారు, అమ్మ ఫోటో కింద.

అందరూ నా గుండె పెద్దదంటున్నారు. నాకు మాత్రం నిన్నటి నుంచి ఒకటే మెదులుతోంది. ఫోటోను నేను గుడిలోనే మొదటిసారి చూశాను. రెజీనా నాకంటే బాగుంది. కాస్త కాదు, చాలా. పెద్ద కళ్ళు, ఒత్తయిన జడ, ఎవరినో ఏడిపించబోతున్నట్టు నవ్వు. ఇకపై రోజూ ముందుగదిలో ఆ మొహం చూస్తూ నేను చీపురు పట్టాలి. ఇంత సంగతి ఏ దయ్యాల నవలా నాకు ముందుగా చెప్పలేదు.

ముందే తెలిసి ఉంటే లేచి నిలబడేదాన్నా? ఏమో.

గురువారం పెళ్ళి. పులుసులో మామిడికాయ ఎప్పుడు వేస్తారో ఆంటీని అడగాలి. రెజీనా ఎప్పుడు వేసేదో అడగాలి.